బారకు జానెడు

ఇంగ్లీషులో ఎమ్మే చేశాను. ఇప్పుడు సూరత్‌లో ఒక ప్రైవేటు బడిలో పిల్లలకు ఇంగ్లీషు చెబుతున్నాను. అయినా నాకు నిజంగా తెలిసిన ఇంగ్లీషు క్రియాపదం ఒక్కటే. మిగతావన్నీ వాడుకుంటాను, అంతే. ఆ ఒక్కటీ నేర్పింది లక్ష్మీరాజం తాత. ఆయనకు ఇంగ్లీషులో తన పేరు కూడా రాయడం రాదు. ఆయన రుణం తీరేది కాదు గనక కనీసం చెప్పుకుంటాను.

ఆ మాట ఫాదమ్. లోతుగా, అడుగంటా అర్థం చేసుకోవడం అని దానికి అర్థం. లాక్‌డౌన్ మొదలైన ఏడు నేను బీయే రెండో సంవత్సరంలో ఉన్నాను. కాలేజీ మూసేశారు. మా ఇంగ్లీషు మేడం ఫోన్లోనే క్లాసులు చెబుతూ, అర్థం చేసుకోవడానికి ఇంగ్లీషులో ఎన్ని మాటలున్నాయో వెతికి, తలా ఒకటి పంచింది. ఆ మాట ఎక్కడ పుట్టింది, ఎట్లా తిరిగి ఇక్కడికి వచ్చింది, అయిదు నిమిషాలు మాట్లాడాలి. నా వంతుకు ఫాదమ్ వచ్చింది. నిఘంటువులో అర్థం చూసుకుని, ఇంకేముంది, తర్వాత చూద్దాంలే అని వదిలేశాను. అప్పటికి నాకు అంతకన్నా పెద్ద పని ఉందనుకునేదాన్ని.

మేము ఉండేది సూరత్‌లోని డిండోలిలో. మా గల్లీలో సగానికి పైగా కరీంనగర్, వరంగల్ వైపు నుంచి వచ్చిన నేతవాళ్లే. మార్చి ఆఖర్లో సాంచాలు ఆగిపోయాయి. సాంచాలంటే కరెంటు మగ్గాలు. ఖటోదరాలో మా నాన్న దేవదాస్ పనిచేసే కార్ఖానాకు తాళం పడింది. రెండు వారాలు ఇంట్లో ఉన్నదేదో వండుకున్నాం. తర్వాత గల్లీ మొదట్లో ఉన్న మా సంఘం రేకుల షెడ్డులో పొయ్యి వెలిగింది. ఒక గుజరాతీ సేఠ్ బియ్యం, పప్పు పంపితే, సంఘం నడిపే అంబదాస్ మామ రోజూ పెద్ద డేగిసాలో ఖిచిడీ వండించేవాడు. గల్లీ మొత్తానికి పగటిపూట అదే తిండి.

దానికి మున్సిపాలిటీ సాహెబ్ ఒక షరతు పెట్టాడు. మనిషికీ మనిషికీ మధ్య రెండు గజాల దూరం ఉండాలి, లైను గల్లీ దాటి పెద్ద రోడ్డు మీదికి రాకూడదు. ఈ రెండిట్లో ఏది తప్పినా పొయ్యి ఆర్పేయాలి.

నేను షెడ్డు పక్కన మాస్కు పెట్టుకుని, పేర్ల నోటుబుక్కు పట్టుకుని నిలబడేదాన్ని. ఆ పని నేనే అడిగి తీసుకున్నాను. అందరూ ఎంత మంచి పిల్ల అన్నారు. అసలు సంగతేమిటంటే, పేర్లు రాసే మనిషి గిన్నె పట్టుకుని లైన్లో నిలబడక్కర్లేదు. మా ఇంటి గిన్నెతో మా అమ్మ ప్రమీల నిలబడేది. నేను ఆమె పేరు కూడా రాసుకునేదాన్ని, ఎవరో ఎరగనట్టు.

ఇక లక్ష్మీరాజం తాత మా ఎదురింట్లో ఉండేవాడు. డెబ్బై దాటాయి. ఊళ్లో ఉన్నప్పుడు చేతిమగ్గాలకు పడుగు కొలిచేవాడు. పడుగంటే బట్టలో నిలువునా పోయే దారాలు. ఆ కొలతకు టేపూ లేదు, స్కేలూ లేదు. రెండు చేతులూ బార్లా చాపితే ఈ కొస వేలి నుంచి ఆ కొస వేలి దాకా ఒక బార. బారంటే నాలుగు మూరలు, అంటే లెక్కకు సరిగ్గా రెండు గజాలు.

అందుకే అంబదాస్ మామ, "తాతా, సర్కారోళ్లు అడిగిందే నీ బార. గుండ్రాలు నువ్వే గియ్యి" అన్నాడు.

తాత సుతిలి తాడు తెచ్చాడు. తాడు పట్టుకుని చేతులు చాపాడు. అక్కడితో ఆగకుండా నేల మీద అరచెయ్యి పరిచి, బొటనవేలి నుంచి చిటికెన వేలి దాకా ఇంకో జాన కలిపి, అప్పుడు సున్నంతో గుండ్రం గీశాడు. మళ్లీ బార, మళ్లీ జానెడు. గల్లీ పొడుగునా అదే వరస.

"తాతా, బార అయినంక మల్ల జానెడు ఎందుకు?" అన్నాను.

"బారకు జానెడు బిడ్డా. పడుగు గట్లనే కొలుస్తరు. నేసినంక నూలు ముడుసుకుంటది. సరిగ్గ బారనే కొలిస్తె బట్ట తక్కువ వడ్తది."

"గిది తొవ్వ తాతా. నూలు గాదు."

ఆయన నవ్వి మళ్లీ చేతులు చాపాడు. ముసలాయన చేతికి అలవాటు తప్పడం లేదని అనుకున్నాను. పాతికేళ్లు సూరత్‌లో ఉన్నా, మా వాళ్లు రోడ్డును కూడా మగ్గం మీద ఎక్కించాలనే చూస్తారు మరి.

ముప్ఫై అయిదు గుండ్రాలు పట్టాల్సిన గల్లీలో ముప్ఫై ఒకటే పట్టాయి. మిగిలిన నలుగురు పెద్ద రోడ్డు మీద నిలబడాల్సి వచ్చింది. రెండో రోజు అట్లా నిలబడ్డ పోశమ్మను పోలీసాయన లాఠీ ఊపి తరిమాడు. ఆమెకు అరవై అయిదేళ్లు, మోకాళ్ల నొప్పులు. ఖాళీ గిన్నెతో ఎగపోసుకుంటూ ఉరికొచ్చిన ఆమెను చూసి నాకు ఒళ్లు మండింది. కోపం వస్తే నేను ఆగే మనిషిని కాను, అప్పుడూ ఇప్పుడూ.

ఇంట్లోంచి ఇనుప టేపు తెచ్చాను. బక్కెట్‌తో నీళ్లు తెచ్చి, చీపురుతో తాత గుండ్రాలన్నీ కడిగేశాను. ఆయన గడప మీద కూర్చుని చూస్తూనే ఉన్నాడు. సరిగ్గా ఆరడుగులకొకటి కొలిచి కొత్తవి గీశాను. ముప్ఫై అయిదూ పట్టాయి. గల్లీ అంతా వినేట్టు, "తాత మగ్గం లెక్క కొలిచిండు. గీ సిమెంటు తొవ్వ యాడ ముడుసుకుంటది?" అన్నాను. అందరూ నవ్వారు. తాత కూడా నవ్వాడు. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నాకు సిగ్గేస్తుంది.

మర్నాడు పదకొండింటికి సాహెబ్ వచ్చాడు. జేబులోంచి టేపు తీశాడు. గుండ్రాల వైపు చూడనే లేదు. లైన్లో ఉన్న ఒకాయన మడమ దగ్గర ఒక కొస పెట్టించి, వెనకున్న మనిషి కాలివేలి దాకా లాగాడు. అయిదడుగుల చిల్లర. ఇంకోచోట అయిదుకు కొంచెం తక్కువే. ఎవరూ గుండ్రంలో సరిగ్గా నడిమధ్య లేరు. అందరూ ఎంతో కొంత ముందుకు వచ్చి ఉన్నారు.

"సాహెబ్, గుండ్రాలు సరిగ్గ రెండు గజాలకే గీసిన" అని హిందీలో అందుకున్నాను.

"చక్కర్ కో కరోనా నహీ హోతా బేటా, ఆద్మీ కో హోతా హై" అన్నాడాయన. జబ్బు గుండ్రాలకు రాదు, మనుషులకు వస్తుంది. అందులో కాదనడానికి ఏముంది? "కల్ ఫిర్ ఆఊంగా. ఐసా హీ దిఖా తో చూల్హా బంద్" అని స్కూటరెక్కాడు. రేపు కూడా ఇట్లాగే కనబడితే పొయ్యి ఆర్పాల్సిందే.

అంబదాస్ మామ గరిటె పట్టుకునే నా మీదికి వచ్చాడు. "సదువుకున్నవని నీ చేతికిస్తె, గల్లీ నోట్ల మన్ను గొడ్తివి గద పోరీ! రేపు పొయ్యి ఆరితె గీ పోరగాండ్లకు నువ్వు వెడ్తవా బువ్వ?" అన్నాడు. గల్లీలో ఎవరింట్లోనూ రెండు పూటలకు సరిపడా గింజలు లేవని నోటుబుక్కులో పేర్లు రాసుకున్న నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?

ఇంటికొచ్చి గోడవైపు తిరిగి కూర్చున్నాను. మనసు మళ్లించుకోవడానికి ఫోను తీసి, ఆ ఫాదమ్ సంగతి వెతకడం మొదలుపెట్టాను. అర్థం తెలిసిందే, పుట్టుక చూడాలి. ఇంగ్లీషు ఓడవాళ్లు తాడుకు సీసపు గుండు కట్టి సముద్రంలో వదిలేవారట. గుండు అడుగుకు తగిలాక తాడు పైకి లాగుతూ ఎన్ని ఫాదమ్‌లు మునిగిందో లెక్కపెట్టేవారు. అట్లా లోతు కొలవడం ఆ క్రియకు అర్థమైంది. సుమారు నాలుగు వందల ఏళ్ల కింద, నీళ్ల లోతే కాదు, ఒక విషయం అడుగు దాకా వెళ్లడం కూడా ఫాదమ్ చేయడమే అన్నారు. ఇంతవరకు మామూలుగా చదివాను. ఇంకా వెనక్కి పోతే ఆ మాటకు మొదటి అర్థం వేరే ఉంది. చాపిన రెండు చేతులు. క్రియగా అయితే, రెండు చేతులూ చాపి చుట్టూ పట్టుకోవడం, కౌగిట్లోకి తీసుకోవడం. ఒక ఫాదమ్ ఎంతంటే, మనిషి చేతులు చాపినంత. ఆరడుగులు.

నేను లేచి నిలబడి చేతులు చాపాను. మా గది వెడల్పుకు ఒక చెయ్యి తలుపుకు, ఇంకో చెయ్యి గిన్నెల అరకు తగిలాయి. రెండు స్టీలు గ్లాసులు దొర్లిపడ్డాయి.

"ఏందే, గిన్నెలన్ని కింద వడేస్తవా?" అంది అమ్మ.

"అమ్మా, గిది బార."

"బార గాక మరేంది? గిది తెలుసుకునెతందుకా గంత సదువు?"

అమ్మ తిట్టినా నాకు పట్టలేదు. కొలవడం నుంచి అర్థం చేసుకోవడం దాకా ఆ మాట ఎన్నో వందల ఏళ్లు నడిచింది. దాని మొదట్లో మాత్రం చేతులు చాపిన మనిషి ఒకరున్నారు. మొన్ననే నా కళ్లెదురుగా చేతులు చాపుకుని గల్లీ పొడుగునా నడిచిన మనిషిని నేను చూశాను. చూసి నవ్వాను. ఆయన తాడు పట్టుకుని ఏం కొలుస్తున్నాడో నేను సరిగ్గా అడగనేలేదు. టేపు ఉంది కదా అని చీపురు పట్టుకున్నాను.

వెంటనే ఎదురింటికి వెళ్లాను. తాత గడప మీదే ఉన్నాడు. నేను దూరంగా నిలబడి, "తప్పయింది తాతా. అందరి ముంగట నీ పరువు తీసిన" అన్నాను. ఏడుపు ఆగలేదు, మాస్కు తడిసిపోయింది.

"ఏం తప్పు బిడ్డా? నీ టేపు అబద్ధం సెప్పలే. పోశవ్వను రోడ్డు మీద కొట్టవొస్తె నీకు పానం ఆగలే. నాకు ఎర్కలేదా?"

"రేపు మల్ల నువ్వే గియ్యాలె. గని ఆ జానెడు సంగతి నాకు సమజ్ కాలే. జర సెప్పు."

"సెప్తె సమజ్ కాదు" అన్నాడాయన. "రేపు నువ్వు నోటుబుక్కు మీ మామకిచ్చి, గిన్నె వట్టుకొని లైన్ల నిలవడు."

నాలుగు తిట్లు తిడితే బాగుండేదనిపించింది. ఆయన నా నోటుబుక్కు గుట్టు ఎప్పుడో కనిపెట్టాడన్నమాట. తలవంచుకుని సరేనన్నాను. వస్తూ వస్తూ, "మరి మిగిలే నలుగురు?" అని అడిగాను.

"పడుగంత ఒక్కపారే మగ్గం మీద పరుస్తరా పిచ్చిదానా? దోనెకు సుట్టి వెట్టి, నేసినంత ఇడుస్తరు. ఆ నలుగురు ఎవరి గడప మీద వాళ్లు కూసుంటరు. జాగ అయినప్పుడు పిలుస్తె అస్తరు."

దోనె అంటే పడుగు చుట్టి ఉంచే కర్ర. ఇంత సులువైన మాట నాకు గానీ, అంబదాస్ మామకు గానీ తట్టలేదు. పోశమ్మ ఇల్లు షెడ్డుకు నాలుగిళ్ల అవతలే.

మర్నాడు పొద్దున్నే నా గుండ్రాలు నేనే కడిగేశాను. తాత తాడుకు ఒక కొస ఆయన చేతిలో, ఇంకో కొస నా చేతిలో. ఆయన చేతులు చాపుతాడు, జాన పరుస్తాడు, నేను సున్నం గీస్తాను. ముప్ఫై ఒకటి అయ్యాయి. అంబదాస్ మామ గుర్రుగా చూశాడు.

ఇంట్లో ఆ పూట చాయ్ కూడా లేదు. గిన్నె పట్టుకుని వెళ్లి పదిహేడో గుండ్రంలో నిలబడ్డాను. నా ముందు గుండ్రం ఖాళీ అయితే, గడప మీద నుంచి పోశమ్మను పిలిచి అందులో నిలబెట్టారు. ఎండ నెత్తికెక్కింది. షెడ్డులో పోపు వేశారు. ఎండుమిరపకాయ, వెల్లుల్లి మాడిన వాసన గల్లీలోకి వచ్చేసరికి కడుపులో పేగులు అరిచాయి. ఇన్ని రోజులూ అదే వాసన షెడ్డు పక్కన నిలబడి పీల్చాను. అప్పుడు అది నాకు వంట వాసనే. గిన్నెతో నిలబడ్డాక నా మనసు నా మాట వినలేదు. ముందు పదహారు మంది ఉన్నారు. డేగిసా ఎంత ఖాళీ అయిందో ఇక్కడి నుంచి కనబడదు. గరిటె అడుగుకు తగిలి గీరిన చప్పుడు మాత్రం వినబడింది. అయిపోతున్నదా? నా దాకా వస్తుందా? అమ్మ రోజూ ఇదే అనుకుంటూ ఇక్కడ నిలబడిందా? నేను అక్కడ నీడలో నిలబడి, "జరగొద్దు, జరగొద్దు" అని ఆమె మీద కూడా అరిచానే!

స్కూటరు చప్పుడైంది. సాహెబ్ వచ్చాడు. లైను వెంబడి నడుచుకుంటూ వచ్చి, సరిగ్గా నా దగ్గరే ఆగాడు. నన్ను గుర్తుపట్టే ఆగాడనుకుంటాను. టేపు తీశాడు.

అప్పుడు కిందికి చూసుకున్నాను. నా చెప్పులు గుండ్రంలో లేవు. గీత దాటి జానెడు ముందున్నాయి. నేను అడుగు వేసినట్టు నాకే తెలియదు. వెనక్కి చూస్తే నా వెనకాయనా అంతే, ఆయన వెనకామె కూడా అంతే. గల్లీ గల్లీ అంతా ముందుకు ముడుచుకుని ఉంది. ఒక్కరు కూడా కావాలని జరిగిన వాళ్లు లేరు.

కాలు వెనక్కి లాక్కోబోయాను. "హిల్‌నా మత్" అన్నాడు సాహెబ్. కదలొద్దట. గల్లీ పొయ్యి నా కాలివేలి మీద ఆధారపడి ఉంది. పోశమ్మ మడమ దగ్గర టేపు కొస పట్టుకోమని అంబదాస్ మామతో చెప్పి, నా వేలి దాకా లాగాడు. వంగి చూశాడు. కళ్లద్దాలు పైకెత్తి మళ్లీ చూశాడు.

"ఛే ఫుట్, దో ఉంగ్లీ జ్యాదా" అన్నాడు. ఆరడుగుల మీద ఇంకో రెండు వేళ్లు. ఇంకో మూడు చోట్ల కొలిచాడు. ఎక్కడా ఆరడుగులకు తగ్గలేదు. "ఠీక్ హై. చాలూ రఖో" అని టేపు చుట్టుకుని వెళ్లిపోయాడు. ఆయన గల్లీ మలుపు తిరిగాక అంబదాస్ మామ గరిటెతో డేగిసా అంచు మీద ఒక్కటి కొట్టి, "రాండ్రి రాండ్రి, సల్లారిపోతది" అని కేకేశాడు.

నా వంతు వచ్చింది. గిన్నె నిండా పోశారు. ఇంటికి వెళ్లకుండా ఎదురు గడప దగ్గరికి పోయాను. తాత తన గిన్నె ముందేసుకుని కూర్చున్నాడు, ఇంకా ముద్ద పెట్టలేదు. కాళ్లకు మొక్కాలని ఉంది. కానీ ఆ రోజుల్లో దగ్గరికి పోవద్దు కదా, బారెడు దూరంలోనే ఆగిపోయాను.

"తాతా, నువ్వు ఎక్కువ వెట్టిన జానెడు నేనే తినేసిన" అన్నాను.

"తినెతందుకే గద బిడ్డా వెట్టింది" అని ఆయన ఖిచిడీలో చెయ్యి పెట్టాడు.